ఆదర్శ రోడ్డు మీదికి రావద్దు

మోదుగుపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో రోడ్ల బాధ్యత చూసే అసిస్టెంట్ మేనేజరు సారంగపాణికి పెద్ద పెద్ద కోరికలేమీ ఉండేవి కావు. రిటైరయ్యేలోపు ఒక్క మంచి హాల్ రోడ్డు వేయాలన్నదే ఆయన ఆశ.

హాల్ రోడ్డంటే గని అడుగున బొగ్గు నింపుకున్న డంపర్లు మెలికలు తిరుగుతూ పైకెక్కి వచ్చే మట్టి దారి. డంపరంటే మామూలు లారీ కాదు, దాని టైరు పక్కన నిలబడితే ఎంత పొడుగు మనిషైనా పిల్లాడిలా కనిపిస్తాడు. అలాంటిది లోడుతో పోతుంటే ఎండాకాలంలో దాని వెనక దుమ్ము మబ్బులా లేచేది. వానలు పడగానే ఆ దుమ్మే బురదయ్యి, దారి అంచులను కోసుకుంటూ పోయి చింతలవాగులో కలిసేది. వాగు కింద మోదుగుపల్లి వాళ్ల పొలాలున్నాయి. ఏటా నాట్ల సమయానికి మడుల్లో నల్లటి బురద పేరుకునేది. ఏటా ఊరివాళ్లు వచ్చి అరిచేవాళ్లు, ఏటా సంస్థ విచారం వ్యక్తం చేసేది.

దీనికి మందు సారంగపాణికి తెలుసు. ఆ మాటకొస్తే గనిలో అందరికీ తెలుసు. రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉండాలి. పైన గట్టి కంకర పరిచి రోలరుతో తొక్కించాలి. రెండు పక్కలా కాలువలు తీసి, నీళ్లు ఉరకకుండా వాటిలో అక్కడక్కడ రాళ్లు పేర్చాలి. కాలువ చివర ఒక గుంట తవ్వితే బురద అందులో అడుగుకు దిగి, తేటనీరు మాత్రమే వాగులోకి పోతుంది. ఇంతే. ఏటా ఈ సంగతే రాసి పైకి పంపేవాడు. ఏటా జనరల్ మేనేజరు రఘోత్తమరావు గారు ఒకే జవాబు చెప్పేవారు.

"సారంగపాణీ, మనం అమ్మేది బొగ్గు. రోడ్డు కాదు."

ఇలా ఉండగా సంస్థ చైర్మన్ గారు ఏదో సదస్సుకని విదేశం వెళ్లొచ్చారు. అక్కడ తెర మీద ఒక గని బొమ్మ చూశారట. రోడ్డు అద్దంలా ఉందట. తిరిగొచ్చాక అధికారులందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చారు.

"హాల్ రోడ్డు అనేది గనికి ముఖం. ముఖం మీద దుమ్ము పెట్టుకుని తిరిగే వ్యక్తిని సమాజం గౌరవిస్తుందా? కనుక ఈ సంవత్సరాన్ని మనం రహదారి చైతన్య సంవత్సరంగా జరుపుకోబోతున్నాం."

ఆ చైతన్యంలోంచి 'ఆదర్శ హాల్ రోడ్డు పురస్కారం' పుట్టింది. పురస్కారం వచ్చిన గని జీఎంకు డైరెక్టర్ కుర్చీ దక్కుతుందని ఎవరూ అనలేదు, అందరికీ అర్థమైంది. మర్నాడు పొద్దున్నే రఘోత్తమరావు గారు సారంగపాణిని పిలిపించి, ఎన్నడూ లేనిది కూర్చోమన్నారు.

"నీకు రోడ్లంటే ప్రాణమని నాకు మొదట్నుంచీ తెలుసు. ఏం కావాలో అడుగు."

సారంగపాణి అడిగాడు. అడిగినవన్నీ వచ్చాయి. కంకర వచ్చింది, రోలరు వచ్చింది, దారి చదును చేసే గ్రేడరు కొత్తది వచ్చింది. ఆ చలికాలమంతా ఆయన ఇంటి ముఖం సరిగ్గా చూడలేదు. మలుపుల దగ్గర వాలు సరిచేయించాడు, కాలువల్లో రాళ్లు దగ్గరుండి పేర్పించాడు, కోసిన గట్ల మీద మట్టి జారకుండా గడ్డి నాటించాడు. రోడ్డు పూర్తయిన రోజున సీనియర్ డంపర్ ఆపరేటరు ఓదెలు నిండు లోడుతో అడుగు నుంచి పైకి తోలుకొచ్చి, నిచ్చెన దిగి, సారంగపాణి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సారూ, కడుపుల నీళ్లు కదలలే. ఇన్నేండ్లకు నడుము నాదే అనిపించింది."

ఆ వారంలోనే ఓ అకాల వాన పడింది. సారంగపాణి గొడుగు పట్టుకుని గుంట గట్టు మీద నిలబడ్డాడు. ఇటు నుంచి బురదనీళ్లు దిగుతున్నాయి, అటు నుంచి తేటనీళ్లు పోతున్నాయి. ఎంతసేపు చూసినా ఆయనకు తనివి తీరలేదు.

ఇంకే గనిలోనైనా కథ ఇక్కడితో ముగిసేది. కానీ మోదుగుపల్లికి ఇంకా పురస్కారం రాలేదు.

పురస్కారానికి గనిని సిద్ధం చేయడానికి హెడ్డాఫీసు ఒక నిపుణుడిని పంపింది. ఆయన పేరు డాక్టర్ విరించి. కారు దిగగానే రోడ్డు వైపు చూడకుండా, దుమ్మును కొలిచే యంత్రాన్ని ఒక స్తంభానికి బిగించి దాని వైపు చూశారు. అందులో ఏదో చిన్న అంకె కనిపించింది.

"బాగా తగ్గింది సార్, ఇదివరకటి దాంట్లో ఇది లెక్కే కాదు" అన్నాడు సారంగపాణి.

"తగ్గడం వేరు, లేకపోవడం వేరు. చైర్మన్ గారి దార్శనికత సున్నా. మనం సున్నా దిశగా పయనించాలి."

పయనం మొదలైంది. ముందు డంపర్ల వేగం తగ్గించారు, మనిషి నడకను మించకూడదన్నారు. అంకె కాస్త తగ్గింది, సున్నా కాలేదు. టైర్లు కడిగాకే రోడ్డెక్కాలన్నారు. కడిగిన నీళ్లతో రోడ్డు మొదట్లో బురదైంది. అయితే కడగొద్దు, తుడవమన్నారు. నిచ్చెనలేసుకుని టైర్లు తుడిచే కార్మికులను చూడటానికి పక్క గనులవాళ్లు కూడా వచ్చారు. తర్వాత సగం లోడే నింపమన్నారు. ఆ తర్వాత ఒక వంపు దగ్గర రోడ్డుకే టార్పాలిన్ కప్పి చూశారు. మొదటి డంపరు చక్రానికి చుట్టుకుని ఆ టార్పాలిన్ గని అడుగు దాకా పోయింది.

అంకె మాత్రం సున్నా కాలేదు.

సరిగ్గా అప్పుడే కార్మిక సంఘాలు సమ్మె చేశాయి. గనిలో ఒక్క బండి కదల్లేదు. జీఎం గారు తలపట్టుకుని కూర్చుంటే డాక్టర్ విరించి ఆయాసపడుతూ గదిలోకొచ్చారు.

"సార్, సున్నా."

"ఏది?"

"యంత్రం సార్. ఈ పూట సున్నా చూపిస్తోంది. నేను లోతుగా విశ్లేషించాను. దుమ్ము స్వతహాగా లేచేది కాదు. కణాల ఉత్థానానికి మూలకారణం చక్రభ్రమణం."

"అంటే?"

"డంపర్లు తిరగడం వల్ల దుమ్ము లేస్తోంది సార్."

జీఎం గారు కాసేపు ఆలోచించారు. ఆయన ముఖం మెల్లగా విప్పారింది. "అయితే తిరగనివ్వకపోతే సరి" అన్నారు.

గోడవారగా నిలబడ్డ సారంగపాణి గొంతు సవరించుకున్నాడు. "సార్, అది డంపర్ల కోసం వేసిన రోడ్డు."

"అందుకే మరి దాన్ని డంపర్ల నుంచి కాపాడాల్సిన బాధ్యత మన మీద ఎక్కువుంది" అన్నారు డాక్టర్ విరించి. ఆయన ఎగతాళి చేయడం లేదు. ఆయనకు ఆ అలవాటు లేదు.

సమ్మె ముగిసింది గానీ డంపర్లు మళ్లీ ఆ రోడ్డెక్కలేదు. రెండు కొసలా గేట్లు పెట్టారు. కాపలాకు సెక్యూరిటీ గార్డును పెట్టారు. 'ఆదర్శ రోడ్డు మీదికి రావద్దు' అని పెద్ద బోర్డు రాయించారు. అంచుల వెంట బంతిపూల కుండీలు వెలిశాయి. చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పులు గేటు బయటే విడవాలని నియమం పెట్టారు. బడుల నుంచి పిల్లలను తీసుకొచ్చి పర్యావరణం గురించి చెప్పేవాళ్లు. జీఎం గారి తోడల్లుడి కూతురి పెళ్లికి ముందు ఫొటోలు అక్కడే తీశారు. పెళ్లికొడుకు ఆ గడ్డి గట్టునానుకుని నిలబడి ఆకాశం వైపు చూస్తున్న ఫొటో చాలా బాగొచ్చిందన్నారు.

అయితే బొగ్గు బయటికి రావాలి కదా. గని నుంచి తీసిపోసిన మట్టి దిబ్బల పక్కగా, వాగు ఒడ్డు వెంబడి, మోదుగుపల్లి ఇళ్ల వెనక నుంచి బుల్డోజరుతో ఒక దారి గీకించారు. దానికి 'తాత్కాలిక అనుబంధ కదలిక ప్రాంతం' అని పేరు పెట్టారు. ప్రాంతం కాబట్టి అది రోడ్డు కాదు. రోడ్డు కాదు కాబట్టి దానికి రోడ్డు నిబంధనలు వర్తించవు. సారంగపాణి దానికి కంకర కావాలని, పక్క కాలువలు తీయాలని రాసి పంపాడు.

"కాలువలు తీస్తే అది రోడ్డని మనమే ఒప్పుకున్నట్టు కాదా?" అని కోప్పడ్డారు జీఎం గారు. "లేని రోడ్డుకు కంకర కావాలంటావు. ఆడిట్ వాళ్లకు ఏం చెప్పమంటావు?"

నెల తిరగకుండానే మోదుగుపల్లిలో బట్టలు ఆరేసుకోవడం మానేశారు. ఊరి సర్పంచ్ కొమురక్క ఒక స్టీలు గిన్నె కొంగుతో కప్పుకుని జీఎం ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి. గొంతు పెంచే అలవాటు లేదు. బల్ల మీద గిన్నె పెట్టి మూత తీసింది. తెల్లన్నం మీద నల్లటి పొర.

"పొద్దుగాల వండిన బువ్వ సారు. మూత తీసి పిల్లకు పెట్టేలోపల గిట్లయింది. మీ డంపర్ల దుబ్బ ఇది. జర చూడుండ్రి."

జీఎం గారు గిన్నె వైపు చూసీ చూడనట్టు చూశారు. "చూడమ్మా, మా గనిలో దుమ్ము సున్నా. సదరు విషయం యంత్రమే ధ్రువీకరించింది. మీకు నమ్మకం లేకపోతే సారంగపాణి చూపిస్తాడు."

"మరి మా ఇండ్ల ఎనక పోయే దారి?"

"అక్కడ మా రికార్డుల ప్రకారం దారి లేదు."

"దారి లేకుంటే డంపర్లు ఎట్ల పోతున్నయి సారు?"

"కదులుతున్నాయి" అన్నారు డాక్టర్ విరించి, తేడా స్పష్టం చేస్తూ.

కొమురక్క గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. విషయం అంతటితో ఆగలేదు. ఆ వారం గాలి మళ్లింది. ఊరి మీద లేచిన దుమ్ము వచ్చి ఆదర్శ రోడ్డు మీద పడటం మొదలుపెట్టింది. యంత్రంలో సున్నా పోయి అంకె వచ్చింది. డాక్టర్ విరించి గాలివాటం పరిశీలించి, దుమ్ము గ్రామం వైపు నుంచే వస్తోందని శాస్త్రీయంగా నిరూపించారు. వెంటనే పంచాయతీకి నోటీసు వెళ్లింది.

'మీ గ్రామము నుండి వెలువడుచున్న ధూళి, సంస్థకు చెందిన ఆదర్శ హాల్ రోడ్డును కలుషితపరచుచున్నట్లు గుర్తించడమైనది. కావున ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై గ్రామస్థులు వాకిళ్లు ఊడ్చుట, ధాన్యము తూర్పారబట్టుట మొదలగు ధూళి ఉత్పాదక చర్యలను నియంత్రించుకొనవలెను. మేకలను వరుసలో, నిదానముగా నడిపించవలెను.'

నోటీసు ఇచ్చి సంతకం తీసుకురమ్మని సారంగపాణినే పంపారు. కొమురక్క అరుగు మీద కూర్చుని దాన్ని రెండుసార్లు చదివింది. నవ్వలేదు, తిట్టలేదు.

"మేకలకు మీరే చెప్పుకోండ్రి సారు. అవి నా మాట ఇనయి" అని సంతకం పెట్టింది. కాగితం అందిస్తూ, "నువ్వేసిన రోడ్డు మస్తు మంచిగుందంట గద. లగ్గం ఫొటోలు దిగుతున్నరంట" అంది.

సారంగపాణి కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరాడు. వచ్చిన దారినే తిరిగి వెళ్తుంటే వాగు ఒడ్డు కనిపించింది. డంపర్ల బరువుకు ఒడ్డు అప్పుడే బీటలు వారుతోంది. ఆ పూట ఇంటికెళ్లాక అన్నం సహించలేదు. ఏమైందని భార్య అడిగితే, "నేను వేసిన రోడ్డు చూసి నేనే తల దించుకోవాల్సి వస్తోంది" అన్నాడు.

వానాకాలం వచ్చింది. పురస్కార కమిటీ వచ్చే రోజు కూడా ఖరారైంది. జీఎం గారు రోడ్డుకు కొత్త కుండీలు తెప్పించారు. కమిటీ మర్నాడు వస్తుందనగా, మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా విరుచుకుపడింది.

సారంగపాణి ఆఫీసులో ఉండగా వాకీటాకీలో ఓదెలు గొంతు వినిపించింది. గని అడుగు నుంచి.

"సారూ, వాగు ఒడ్డు తెగింది. మనం వచ్చే దారి మొత్తం జారి కిందపడ్డది. నీళ్లు గనిలకు దుంకుతున్నయి."

"మనుషులందరూ బాగున్నరా?"

"బొగ్గు తవ్వే షావల్ మీద పనిచేసే సమ్మయ్య కాలు మట్టి పెళ్ల కింద పడ్డది. ఇరిగినట్టుంది. తీసి నా డంపర్ల కూసోబెట్టిన. తొందరగ దవాఖానకు తీస్కపోవాలె సారూ. ఏ దిక్కుకెళ్లి రావాలె?"

దిక్కు ఒకటే ఉంది. సారంగపాణి పక్కగదిలోకి పరుగెత్తాడు. జీఎం గారు, డాక్టర్ విరించి గారు మర్నాటి స్వాగత కార్యక్రమం చూసుకుంటున్నారు. సంగతి విని ఇద్దరూ చాలా బాధపడ్డారు.

"ఎంత దురదృష్టం. సరిగ్గా ఇవాళే జరగాలా?" అన్నారు జీఎం గారు. "బురద చక్రాలతో ఆదర్శ రోడ్డెక్కితే రేపు కమిటీకి ఏం చూపిస్తాం?"

"మనుషులు నడిచి రావచ్చు" అన్నారు డాక్టర్ విరించి ఉదారంగా. "శుభ్రపరచిన పాదాలతో, ఒక అంచు వెంట."

"సార్, సమ్మయ్య కాలు విరిగింది."

"స్ట్రెచర్ పంపండి. స్ట్రెచర్‌కు చక్రాలు లేకుండా చూడండి."

"నీళ్లు లేస్తున్నాయి సార్. డంపర్లు, షావల్ మునిగిపోతాయి. అక్కడ నలభై మంది దాకా ఉన్నారు."

జీఎం గారు లేచి కిటికీ దగ్గరికెళ్లి వాన చూశారు. "ఒక పని చెయ్యి. గేట్లు తెరవడానికి అనుమతి కోరుతూ నోట్ పెట్టు. హెడ్డాఫీసుకు పంపిద్దాం. నేనైతే గట్టిగా సిఫారసు చేస్తాను."

సారంగపాణి ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నోట్‌లు పెడుతూనే ఉన్నాడు. ఈసారి చెయ్యి కదల్లేదు. బయటికొచ్చి జీపెక్కి పై గేటు దగ్గరికి వెళ్లాడు. గార్డు రెయిన్‌కోటులో నిలబడి ఉన్నాడు.

"గేటు తియ్యి."

"కాగితం కావాలె సార్. జీఎం గారి సంతకం లేంది తెరిస్తే నా నౌకరి పోతది."

అతని మాట న్యాయమే. సారంగపాణి వాకీటాకీ అందుకున్నాడు. "ఓదెలూ, ఆదర్శ రోడ్డెక్కు. నీ వెనక అందరినీ రమ్మను."

"గేట్లకు తాళాలున్నయి గద సారూ."

"ఉంటే ఉండనియ్యి. నీ డంపరు ముందు గేటెంత. పోయినయి నా ఖాతాల రాసుకుంటరు. నువ్వు రా."

తర్వాత గార్డు వైపు తిరిగి, "నువ్వు ఆగమన్నవు, నేను ఆగలేదు. అట్లనే చెప్పు" అన్నాడు. గార్డు తలూపి, తన కుర్చీ తీసుకుని పక్కకు జరిగాడు.

కింది గేటు విరిగిన చప్పుడు పై దాకా వినిపించింది. వానలో దీపాలేసుకుని డంపర్లు ఒకదాని వెనక ఒకటి ఎక్కుతూ వచ్చాయి. బంతి కుండీలు పటపటమన్నాయి. పై గేటు ఓదెలు డంపరు ముందు అప్పడంలా వంగిపోయింది. క్యాబిన్‌లోంచి సమ్మయ్యను దించి జీపులో పడుకోబెట్టి ఆసుపత్రికి పంపించారు. ఆ వెనక మనుషులంతా వచ్చారు, చివరిగా షావల్ కూడా చేరింది. సారంగపాణి అక్కడే తడుస్తూ నిలబడ్డాడు. అంత బరువు తొక్కినా రోడ్డు ఒక్కచోట కుంగలేదు. చక్రాలు మోసుకొచ్చిన బురదను వాన కడిగేస్తుంటే, అది వాలు వెంట జారి, కాలువలో రాళ్ల మధ్య నెమ్మదించి, గుంటలోకి దిగుతోంది. గేట్లు పెట్టిన తర్వాత ఆ రోడ్డు చేసిన మొదటి పని అది. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని ఆ గడియలో, ఆయనకు ఎందుకో హాయిగా అనిపించింది.

మర్నాడు కమిటీ వచ్చి చక్రాల గుర్తులు చూసి నొచ్చుకుని వెళ్లిపోయింది. పురస్కారం వేరే గనికి వెళ్లింది. ఆ గనిలో బొగ్గు ఎప్పుడో అయిపోయింది. పనీ లేదు, బండీ లేదు, మనిషీ లేడు, దుమ్ము సున్నా. నిర్వహణలో ఇంతటి క్రమశిక్షణ తానెక్కడా చూడలేదని చైర్మన్ గారు వేదిక మీద కొనియాడారు.

సారంగపాణికి ఛార్జి మెమో వచ్చింది. 'ఆదర్శ హాల్ రోడ్డును రవాణా నిమిత్తము దుర్వినియోగపరచినందులకు' సంజాయిషీ అడిగారు. తన రోడ్డును ఎవరో చివరికి రోడ్డుగా వాడారని సంస్థే రాసిచ్చినట్టు తోచి, ఆయన ఆ కాగితాన్ని పారేయకుండా దాచుకున్నాడు. విచారణ ముగిశాక శిక్ష పడింది. ఆయనను ఆదర్శ రోడ్డు బాధ్యత నుంచి తప్పించి, తెగిపోయిన తాత్కాలిక అనుబంధ కదలిక ప్రాంతానికి బదిలీ చేశారు.

"అక్కడ నీకు చేయడానికి ఏమీ ఉండదు. అదే శిక్ష" అన్నారు జీఎం గారు. "అడిగేవాడు ఉండడు, చూసేవాడు ఉండడు."

సారంగపాణి చేతులు కట్టుకుని, ముఖం వీలైనంత దిగాలుగా పెట్టి విన్నాడు.

ఆదర్శ రోడ్డుకు మళ్లీ గేట్లు పెట్టారు. దాని నిర్వహణ కోసమని నెలనెలా కంకర వస్తూనే ఉంది. తొక్కేవాళ్లు లేని రోడ్డుకు కంకర అక్కర్లేదు. స్టోర్సులో అది కుప్పపడుతుంటే చోటు చాలక వాళ్లే తలపట్టుకున్నారు. కాస్త అటు తీసుకెళ్లి పోస్తానంటే స్టోర్ కీపరు దండం పెట్టాడు. గనిలో నిండిన నీళ్లు తోడేదాకా బొగ్గు పని ఎలాగూ ఆగింది. వానలు వెనకబట్టగానే సారంగపాణి పని మొదలుపెట్టాడు. దారిని వాగుకు, ఇళ్లకు ఎడంగా జరిపి, ఒడ్డుకు రాళ్లు కట్టించాడు. పొలాల్లో ఏరిపోసిన రాళ్లను కొమురక్క ట్రాక్టరు మీద పంపించింది.

"రోడ్డు మీ గనిదే అయినా, బురద మా పొలంలనే పడ్తది గద సారు. తీస్కోండ్రి" అంది.

నడుమ ఎత్తు, పక్కలకు వాలు, కాలువలు, వాటి చివర గుంట. ఇళ్ల దగ్గరికి రాగానే ఓదెలు, తక్కిన ఆపరేటర్లు వేగం తగ్గించేవాళ్లు. ఎవరూ వాళ్లకు నోటీసివ్వలేదు. ఎండాకాలంలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ట్యాంకరు తిరిగి తడి మాత్రం చేసేది, బురద కానిచ్చేది కాదు. వానలు పడ్డాయి. ఆ ఏడు మోదుగుపల్లి మడుల్లోకి నల్లనీళ్లు రాలేదు. అన్నం గిన్నెల మీద మూతలు తీసి తిన్నారు. కాలు అతుక్కున్న సమ్మయ్య కర్ర పట్టుకుని వచ్చి, కాసేపు వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుని వెళ్లాడు.

ఈ సుఖం డాక్టర్ విరించి కంట పడింది. కారు దారి తప్పి ఇటొచ్చిందట. దిగి అటూ ఇటూ నడిచారు. యంత్రం బిగించి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"డంపర్లు తిరుగుతుండగానే ఇంత తక్కువా? ఇది అపూర్వం సారంగపాణి గారూ. మీకు జరిగిన అన్యాయాన్ని నేను సరిదిద్దుతాను. దీన్ని ఈ ఏటి పురస్కారానికి పంపుతున్నాను. చైర్మన్ గారే స్వయంగా పరిశీలనకు వస్తారు."

కారు కదలగానే సారంగపాణి నేరుగా కొమురక్క ఇంటికెళ్లాడు. ఓదెలును కూడా పిలిపించాడు. సంగతి చెప్పాడు.

"అవార్డొస్తే మంచిదే గద సారు. నీ పేరొస్తది" అంది కొమురక్క.

"అవార్డొస్తే గేట్లు పెడ్తరు అక్కా. పూలకుండీలు తెస్తరు. డంపర్లను ఈ రోడ్డు ఎక్కనియ్యరు."

"మరి అవి ఎటు పోతయి?"

సారంగపాణి ఊరికి అటు పక్కనున్న బడి వైపు చూశాడు. కొమురక్క కూడా అటే చూసింది.

"ఎన్ని గంటలకు వస్తడు మీ చైర్మన్?" అంది చివరికి.

చైర్మన్ గారు వచ్చే పూట నీళ్ల ట్యాంకరు చెడిపోయిందని సారంగపాణి రాతపూర్వకంగా తెలియజేశాడు. పొద్దున్నే ఊరి ఆడవాళ్లు గంపలు తలకెత్తుకుని వచ్చి, పొయ్యిలో బూడిద, కళ్లంలో ఊక, దిబ్బల మీది పొడి మట్టి, దొరికిందల్లా రోడ్డు పొడవునా పోశారు. కార్లు మలుపు తిరగడం చూసి ఓదెలు, అతని వెనక ఇంకో ఇద్దరు, ఖాళీ డంపర్లను ఎన్నడూ లేనంత వేగంగా ఎదురు తోలారు.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. ముందు చైర్మన్ గారి దగ్గు వినిపించింది, తర్వాత ఆయన కనిపించారు. ఆయన పక్కన జీఎం గారు, డాక్టర్ విరించి ఒకే రంగులో ఉన్నారు.

"దీన్నా పురస్కారానికి పంపింది?" అన్నారు చైర్మన్ గారు రుమాలులోంచి.

"సార్, మొన్న నేను కొలిచినప్పుడు..." అని డాక్టర్ విరించి యంత్రం వైపు చూశారు. అందులో అంకెలు పట్టక అడ్డగీతలు వచ్చాయి.

"ఎవరు దీని ఇన్‌ఛార్జి?"

సారంగపాణి ముందుకొచ్చి తల వంచుకున్నాడు. "నేనే సార్. శాయశక్తులా ప్రయత్నించాను. నాతో కాలేదు."

చైర్మన్ గారు ఆయన వైపు జాలిగా చూశారు. "నీ తప్పు కాదులే. కొన్ని రోడ్లు సంస్కరణకు అతీతమైనవి. దీని మీద వనరులు వృథా చేయడం అనవసరం. ఇకపై దీని జోలికి ఎవరూ వెళ్లకండి. దీన్ని ఇలాగే వదిలేయండి."

"అలాగే సార్" అన్నారు జీఎం గారు.

"ఆ మాట కాగితం మీద ఇప్పిస్తే, ముందుముందు ఎవరైనా అడిగినా చూపించుకోవడానికి ఉంటుంది సార్" అన్నాడు సారంగపాణి వినయంగా.

చైర్మన్ గారు కారు బానెట్ మీద పెట్టి సంతకం చేసిచ్చారు. కార్లు వెనక్కి తిరిగి, ఊరు దాటి, మెయిన్ రోడ్డెక్కేదాకా సారంగపాణి ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, చెడిపోయిన ట్యాంకరును తెమ్మని ఫోన్ చేశాడు. కొమురక్క, ఊరి ఆడవాళ్లు అప్పటికే చీపుర్లు పట్టుకుని ఊడ్వడం మొదలుపెట్టారు.